గరిమాసిద్ధి

అష్టసిద్ధులను లెక్కించునప్పుడు మహిమ వెంబడినే గరిమ వచ్చును గాన, ఆ రెండును ఒకే శక్తికి గల రెండు పేర్లని తలచువారు లేకపోలేదు. దేహమును కొండంతగా పెంచుట మహిమ. ఆ దేహమునకు కొండంత బరువు నిచ్చుట గరిమ. చలనచిత్రమున మొదటిది సులభసాధ్యము. కెమెరాను నేలబారుగా నుంచి పైకి చూపినచో పొట్టివాని తలయును మేఘముల నంటును. కాని ఆ యాకారము అడుగు మోపినంతనే నేల క్రుంగినదనియు, ఆ క్రుంగుటతో తాను కూర్చున్న కుర్చీయు కదలినదనియు ప్రేక్షకునకు దోచునట్లు చేయుట వేరొక విద్య. జపానుదేశమున ‘తొకుసత్సు’ అను పేర డెబ్బది యేండ్లకు పైబడి వర్ధిల్లుచున్న విశేషచిత్రణకళ యంతయు ఈ రెండవ సిద్ధికై సలిపిన తపస్సేయని నా నమ్మకము.

నా పక్షపాతమును మొదటనే ఒప్పుకొనుట మర్యాద. 1974వ సంవత్సరమున జున్ ఫుకుదా దర్శకత్వమున తోహో సంస్థ వెలువరించిన ‘గాడ్జిల్లా వర్సెస్ మెకాగాడ్జిల్లా’ యను చిత్రమును ఎన్ని మారులు చూచితినో లెక్కించుట నేను ఏనాడో మానితిని. మిత్రులు దీనిని బాల్యచాపల్య మందురు. ఇంటివారు వాడు మాట ఇంకను కటువైనది. కథయా, గొప్పగా చెప్పుకొన దగినది కాదు: లోకమును జయింపనెంచిన గ్రహాంతరవాసులు గాడ్జిల్లా రూపమున ఒక లోహయంత్రమును నిర్మించి, దానికి పైతోలు తొడిగి ఊళ్ళమీదికి తోలుదురు. చమురుశుద్ధి కర్మాగారము మంటల పాలగుచుండగా అసలు గాడ్జిల్లా ఎదురునిలిచి పోరాడునప్పుడు, ఆ దొంగతోలు పీలికలు పీలికలుగా కాలిపోయి లోపలి వెండివన్నె లోహము తళుక్కున మెరయును. కృష్ణుని చిహ్నములన్నియు ధరించి తానే వాసుదేవుడనని విఱ్ఱవీగిన పౌండ్రకుని కథ విన్న తెలుగువానికి ఈ ఘట్టము పరాయిదిగా దోపదు. కడపట గాడ్జిల్లా పిడుగులను తన దేహమున నింపుకొని, తానే అయస్కాంతమై, పారిపోజూచు ఆ యంత్రమును తన వైపునకు లాగుకొని దాని తలను మెలిద్రిప్పి ఊడబెఱుకును. ఇందలి భౌతికశాస్త్రమును ఎవరును పరీక్షింపకుందురు గాక.

ఈ విద్యకు మూలపురుషుడు ఎయిజి త్సుబురాయా. ఇతడు 1901లో ఫుకుషిమా ప్రాంతమందలి సుకాగవాలో జన్మించెను. 1933 నాటి అమెరికా చిత్రము ‘కింగ్ కాంగ్’ ఇతనిని ముగ్ధుని చేసినది. అందలి మహావానరము చిన్న బొమ్మయే. దానిని వెండ్రుకవాసి కదల్చి ఒక ఫ్రేము, మరల కదల్చి మరియొక ఫ్రేము తీయుచు నడిపించిరి. 1954లో తొమొయుకి తనాకా నిర్మాతగా, ఇషిరో హోండా దర్శకుడుగా ‘గొజిరా’ (గాడ్జిల్లా) చిత్రము ఆరంభమైనప్పుడు త్సుబురాయాకును ఆ పద్ధతియే ఇష్టమైనది గాని, చిత్రము నవంబరు 3వ తేదీకి తెరకెక్కవలసి యుండుటచే అంతటి ఓరిమికి వ్యవధి లేకపోయెను. కావున మనుష్యుని రబ్బరుతొడుగులో దింపి చిన్న నగరము నడుమ నడిపింప నిశ్చయించిరి. గతిలేక పట్టిన త్రోవ యొక సంప్రదాయమునకు రాజమార్గమగుట కళాచరిత్రలో అరుదు కాదు.

ఆ తొడుగులో ప్రవేశించినవాడు హరువొ నకజిమా. మొదటి తొడుగు సుమారు 100 కిలోల బరువు. లోపల గాలి లేదు, పైన దీపముల వేడిమి. కొన్ని నిమిషములకు మించి అందు నిలుచుట నరునకు శక్యము కాదు. ఇతడు ఉయేనో జంతుప్రదర్శనశాలకు పోయి ఏనుగులును ఎలుగుబంట్లును నడచు తీరును శ్రద్ధగా పరిశీలించెనట. ముఖము కానరాని నటుడు, మాట లేని పాత్ర. అభినయ మంతయు భుజములలోను, మెడ త్రిప్పుటలోను, అడుగు ఎత్తుటకును దింపుటకును మధ్య గల విరామములోను ఇమిడియుండవలెను. 1954 మొదలు 1972 వఱకు ఇతడే గాడ్జిల్లా. ఇతని నడకను తదేకదృష్టితో చూచినవారు ‘తొడుగులోని మనిషి’ యను మాటను తేలికగా నోట ననలేరు.

అయినను మనుష్యుడు మనుష్యుని వేగముననే కదలును గదా. మఱి వానికి పర్వతమందలి గాంభీర్యము ఎట్లు వచ్చెను? తెరమీది గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. తొడుగులోని నటుడు ఇంచుమించు 2 మీటర్లు. అనగా నగరమంతయు ఇరువదియైదవ వంతు కొలతకు దిగవలెను. ఇప్పుడు 45 మీటర్ల మేడ పైనుండి ఇటుక యొకటి జారినదనుకొందము. అది నేల చేరుటకు సుమారు 3 సెకండ్లు పట్టును. అదే మేడ యొక్క 1.8 మీటర్ల నమూనా నుండి పడిన పెళ్ళ 0.6 సెకండులోనే నేల తాకును. కొలత ఇరువదియైదు వంతులు తగ్గినను కాలము తగ్గినది ఐదు వంతులే. కాలము ఎత్తుయొక్క వర్గమూలము ననుసరించి నడచుట ప్రకృతిధర్మము. కావున సెకండునకు 24 ఫ్రేముల బదులు 120 ఫ్రేముల వేగమున చిత్రించి, మామూలు వేగమున ప్రదర్శించినచో, ఆ పెళ్ళ నిజమైన మేడ నుండి పడినంత తీరికగా పడును. ప్రతి దృశ్యమునకును ఈ లెక్కనే అక్షరాల పాటించిరని కాదు. సిద్ధహస్తుల కన్నులు గణితమును కొంత సడలించును. ఫ్రేముల వేగము ఐదింతలైనచో వెలుతురును ఐదింతలు కావలెను. దీపములు పెరిగినకొలది తొడుగులోని నటుడు ఉడికిపోవును. తెరపై నిదానముగా కదలు ఆ మహాసత్త్వము వెనుక, ఒళ్ళంతయు చెమటయై త్వరపడుచున్న మనుష్యుడొకడు కలడన్నమాట. బరువు యొక్క రహస్యము కాలమునందున్నదని కనుగొనుటయే ఈ కళకు ప్రాణము.

నమూనానగరమన్నంతనే తెలుగువారికి 1957 నాటి ‘మాయాబజార్’ లోని ద్వారక స్ఫురింపక మానదు. మద్రాసు వాహినీ స్టూడియోలో చిన్నచిన్న భవనములు గుదిగ్రుచ్చి, వానిలో దీపములు వెలిగించి, మార్కస్ బార్ట్‌లే కెమెరాను ఆ పురముమీదుగా తేలించిన తీరును నేటికిని ఛాయాగ్రాహకులు తలచుకొందురు. ఉపాయము ఒకటే, ఉద్దేశము వేరు. ద్వారక చూచుటకై కట్టబడినది. టోకియో కూల్చుటకై కట్టబడినది. కూల్చుటకై కట్టుట మిక్కిలి కష్టమైన వాస్తువు. గోడను పోతప్లాస్టరుతో పోసి, ఏ చోట విరుగవలెనో ఆ చోట లోపలినుండి గంట్లు పెట్టి, తగిలినంతనే కూలునట్లును, తగులక మునుపు కూలకుండునట్లును నిలుపవలెను. వారముల తరబడి చేసిన పని యొక్క మారే కూలును గాన ఆ యొక్క మారు తప్పిపోరాదు. 1954 చిత్రమున గాడ్జిల్లా ఊపిరికి కరగి వంగిన విద్యుత్‌స్తంభములు మైనముతో చేసినవి; వేడిగాలియు దీపముల కాకయు వానిని కరగించినవి. గింజా వీథిలోని వాకో గడియారపు గోపురము, పార్లమెంటు భవనము మొదలుగా ఎల్లరు ఎఱిగిన కట్టడములనే ఎంచుకొనుట యందును మర్మము కలదు: ఎఱుగని మేడ కూలిన వింత, ఎఱిగిన మేడ కూలిన గుండెకోత.

ఈ కళకు లొంగనిది నీరు. మేడను కుదింపవచ్చును, బిందువును కుదింపరాదు. తలతన్యత దాని పరిమాణమును విడువనీయదు. చిన్న ఓడ ప్రక్కన పెద్ద పెద్ద నీటిబొట్లు లేచినంతనే గుట్టు బయటపడును. అందుచే సముద్రదృశ్యములకు విశాలమైన కొలనులను, వీలైనంత పెద్ద నమూనాలను వాడిరి. విమానముల తీగల విషయమున త్సుబురాయా చూపిన యుక్తి నాకు మిక్కిలి ప్రియమైనది: విమానమును తలక్రిందుగా వ్రేలాడదీసి, కెమెరాను కూడ తలక్రిందు చేసి చిత్రించినచో, తెరపై తీగలు విమానము క్రిందివైపున నుండును. తీగకై చూచువాడు పైకి చూచును గాని క్రిందికి చూడడు.

ఇక ఆ గర్జన. సంగీతదర్శకుడు అకిరా ఇఫుకుబే మృగముల అరపులతో తృప్తిపడక, పెద్ద కాంట్రబాస్ వాద్యపు తంతిని వదులుచేసి, జిగురుబంక పూసిన తోలు చేతొడుగుతో దానిని రాచి ఆ ధ్వనిని పుట్టించెను. దానిని మరల నిదానింపజేసి వినిపించిరి. చూపునకు వాడిన యుక్తినే వినికిడికిని వాడుట గమనింపదగినది.

ఇంత పనితనము వట్టి వినోదమునకేనా యని అడుగువారికి 1954 మార్చి నెలను జ్ఞప్తి చేయవలసియున్నది. ఆ నెల మొదటి దినమున బికినీ దీవియందు అమెరికావారు పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద, ‘డైగో ఫుకుర్యూ మారు’ అను జాలరిపడవపై రాలినది. 23 మంది వ్యాధిగ్రస్తులైరి. రేడియో నడిపినవాడు సెప్టెంబరులో మరణించెను. ఆ తరువాత ఆరువారములు తిరుగక మునుపే తెర కెక్కిన చిత్రమున, బాంబుపరీక్షల వలన మేల్కొన్న మృగము ఓడలను మింగుచు మొదలిడుట జపానువారికి ఊహామాత్రముగా దోచలేదు. యుద్ధము ముగిసిన పిదప ఇంటికి మరలుచు హిరోషిమా శిథిలముల మీదుగా వచ్చిన హోండా, ఆ చిత్రమున గాయపడినవారితో నిండిన ఆసుపత్రి యందు కెమెరాను చాలసేపు నిలిపెను. అందు నగరము కూలుట కంటె కూలిన తరువాతి నిశ్శబ్దమే బరువైనది.

కాలక్రమమున మృగమునకు తోడు యంత్రము వచ్చెను. మృగాభినయమునకును యంత్రాభినయమునకును గల భేదమును పరిశీలించుట ఒక వేడుక. మృగము ఊపిరి పీల్చును, తోక విసరును. ఆ తోకను పైనుండి తీగలతో ఆడింతురు. దాని ప్రతి కదలిక వంపుగా మొదలై వంపుగా ముగియును. యంత్రమునకు ఊపిరి లేదు. సరళరేఖలో కదలి తటాలున నిలువవలెను. మెకాగాడ్జిల్లా తొడుగులోని నటుడు చేయి చాచినప్పుడు మోచేయి జంకదు, మెడ త్రిప్పినప్పుడు భుజము తోడురాదు. వ్రేళ్ళనుండి క్షిపణులు, కన్నులనుండి వన్నెవన్నెల కిరణములు వెడలును. పేలుళ్ళన్న ప్రాణము విడుచు తెరుయొషి నకానో ఆ చిత్రపు విశేషదృశ్యములకు అధిపతి గాన తెరనిండ నిప్పులే. ఖర్చు తగ్గించుకొనవలసిన కాలమున తీసిన చిత్రమది, అతుకులు కానవచ్చును. మన తోలుబొమ్మలాటలో పుల్ల కనబడుచున్నను హనుమంతుడు లంఘించుట ఎవ్వరికి కనబడకపోయెను? సహృదయుడు అతుకును చూచియు దాటిపోవును.

2013లో గియెర్మో దెల్ తోరో తీసిన ‘పసిఫిక్ రిమ్’ ఈ సంప్రదాయమునకు అమెరికావారు సమర్పించిన గురుదక్షిణ. హోండాకును, బొమ్మలను కదల్చుటలో ఆచార్యుడైన రే హారీహౌసెన్‌కును అంకితము. కంప్యూటరు బొమ్మకు బరువు లేదు గాన దానిని ఎంత వేగముగనైనను ఎగురవేయవచ్చును. ఆ అదుపులేని సౌకర్యమును ఇతడు నిగ్రహించుకొనెను. వానరాత్రి హాంకాంగులో మహాయంత్రపు పిడికిలి కార్యాలయ భవనమును చీల్చుకొని పోయిపోయి, కడకు బల్లపైనున్న గుండ్ల ఆటవస్తువును సుతారముగా తాకి ఊపి నిలిచిపోవును. ఆ చిన్న గుండ్లు టకటక లాడుట వలననే పిడికిలి ఎంతటిదో తెలియుచున్నది. 2018లో వచ్చిన రెండవభాగమున యంత్రములు పట్టపగటి వెలుగున తేలికగా గంతులిడినవి; మహిమ మిగిలినది, గరిమ పోయినది.

జపానులోను కంప్యూటరే ఇప్పుడు రాజ్యమేలుచున్నది. 35 మంది చిత్రకారులు పనిచేసిన ‘గాడ్జిల్లా మైనస్ వన్’ 2024లో దృశ్యవిశేషములకు ఆస్కారు గొన్నది. పాతవిద్య మరుగునబడకుండ దర్శకుడు హిదెయాకి అన్నో 2012లో టోకియో సమకాలీనకళా సంగ్రహాలయమున ఒక ప్రదర్శన నేర్పరచి, కంప్యూటరు సాయము లేకయే తీసిన హ్రస్వచిత్రము నందు చూపించెను. 2020లో త్సుబురాయా జన్మస్థలమైన సుకాగవాలో నమూనాలను భద్రపరచు కేంద్రము వెలసినది. కూలగొట్టుటకై చేసిన వస్తువులను దాచుటకై ఒక ఇల్లు!

నాకీ పిచ్చి పట్టిన త్రోవ వేరు. 1980ల నాటి దూరదర్శనులో ‘జానీ సోకో’ అను జపాను ధారావాహికము వచ్చుచుండెడిది: చేతిగడియారమున మాటలాడి ఒక బాలుడు పిలిచినంతనే, ఈజిప్టు రాజు శిరోవేష్టనము వంటి తలగల మహాయంత్రము ఎగిరివచ్చును. మా వీథికంతకును ఉన్నది ఒక్క టెలివిజను. కిటికీ చువ్వలు పట్టుకొని చూచితిమి. కడపటి కథలో ఆ యంత్రము బాలుని ఆజ్ఞను మీరి, శత్రువును కౌగిలించుకొని అంతరిక్షమునకెగసి ఉల్కను ఢీకొని నశించినది. నేను ఏడ్చితిని. ప్రక్కనున్న మా తమ్ముడు నన్ను మోచేతితో పొడిచి, “అన్నయ్యా, తీగ కనపడింది, చూశావా?” అనెను. లేదంటిని. ఉన్నదని వాడును, లేదని నేనును నేటికిని పండుగలకు కలిసినప్పుడెల్ల తగవులాడుకొనుచునే యున్నాము.