గుర్రానికి పొద్దు పోవాలి

గుర్రం కాలికి దెబ్బ తగిలితే మొదటి పది రోజులూ ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే ఉంటారు. డాక్టరు వస్తాడు, సూది వేస్తాడు, కట్టు కడతాడు. వాపు తగ్గి, గుర్రం కాలు ఆనించడం మొదలుపెట్టగానే ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. నొప్పి తగ్గింది, ఒంట్లో సత్తువ ఉంది, కడుపులో దాణా ఉంది, చెయ్యడానికి మాత్రం ఏ పనీ లేదు. అలా నిలబెట్టేసిన గుర్రం తలుపు చెక్క కొరుకుతుంది, గోడను తంతుంది, నిలబడ్డచోటే అటూ ఇటూ ఊగుతుంది. ఏదో ఒక రోజు తాడు తెంపుకుని పరుగందుకుంటుంది. నెలల తరబడి మానుతూ వచ్చిన నరం ఆ ఒక్క పరుగులో మళ్లీ తెగుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు వెళ్లే లైనులో వచ్చే చిన్న స్టేషను మా గతౌరా. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి ఉద్యోగాలకు వచ్చి బిలాస్‌పూర్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. టాంగాలు పోయాక ఇక్కడ గుర్రమంటే పెళ్లి గుర్రమే, ఈ ఊరివాళ్ల మాటలో ఘోడీ. వరుణ్ణి ఎక్కించుకుని తారురోడ్డు మీద గంటల తరబడి అడుగులో అడుగు వెయ్యాలి. ఎదురుగా బ్యాండు, పక్కన జనరేటరు, కాళ్ల దగ్గర టపాసులు. బెదిరి పక్కకు దూకినప్పుడు ముంగాలి నరం పట్టేస్తుంది. రేసు గుర్రానికి వచ్చే దెబ్బా, పెళ్లి గుర్రానికి వచ్చే దెబ్బా చాలాసార్లు ఒకటే. మోకాలి కింద నుంచి గిట్ట దాకా కాలి వెనక దిగే ఆ నరం, అంటే స్నాయువు, సాగి, లోపలి పోగులు తెగుతాయి. అది మానడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. ఎముక విరిగిన గుర్రాలకన్నా ఈ గుర్రాల దగ్గరే ఓపిక ఎక్కువ కావాలి. పైకి చూస్తే రెండు నెలల్లోనే బాగైపోయినట్టు కనిపిస్తుంది మరి.

ఇంత కాలం గుర్రాన్ని ఓపిక పట్టేలా చూసుకోవడం ఒక విద్య. మన పుస్తకాల్లో అశ్వశాస్త్రానికి లోటు లేదు. సంస్కృతంలో శాలిహోత్రుడి పేరు మీద, నకులుడి పేరు మీద గ్రంథాలున్నాయి. తెలుగులో మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసము ఉంది. అయితే ఏ గుర్రాన్ని కొనాలి, సుడులు ఎక్కడుంటే మంచిది అని రాజులకు చెప్పడానికి పుస్తకాలు పనికొచ్చాయి. దెబ్బ తిన్న గుర్రానికి పూట ఎలా గడపాలో తెలిసింది మాత్రం లాయంలో గుర్రాలను చూసుకునే సైసులకు. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హైదరాబాదు రేసులను మౌలాలి నుంచి మలక్‌పేటకు మార్పించాడు. ఈ విద్య అక్కడి లాయాల్లో తండ్రి నుంచి కొడుక్కు, ఉస్తాదు నుంచి శిష్యుడికి చేతిపనిగా వచ్చింది. పందెంలో గుర్రం పేరూ, జాకీ పేరూ వినపడతాయి. కాలు దెబ్బతిన్న గుర్రం పక్కన నెలల తరబడి కూర్చున్నవాడి పేరు ఎక్కడా రాదు.

మహాభారతం ఆ పనిని ఎంత గౌరవించిందో చూడండి. అజ్ఞాతవాసంలో నకులుడు దామగ్రంథి అన్న పేరుతో విరాటుడి గుర్రాలు చూసుకున్నాడు. సైంధవుణ్ణి వెతుకుతూ పోయే రోజున, యుద్ధం నట్టనడుమ, గుర్రాలు అలిసిపోయి బాణాలు దిగి ఉన్నాయని అర్జునుడు రథం ఆపించాడు. శత్రువులను అడ్డుకుంటూ బాణంతో భూమిలోంచి నీళ్లు రప్పించాడు. కృష్ణుడు కాడి విప్పి, బాణాలు తన చేతులతో పీకి, ఒళ్లు రుద్ది, నేల మీద పొర్లనిచ్చి, నీళ్లు తాగించి, మేత పెట్టాడు. ఈ వరుసను గుర్రాలు ఎరిగినవాళ్లే చెప్పగలరు. గాయం చూశాక ఒళ్లు రుద్దడం, ఆ తర్వాత పొర్లనివ్వడం. గుర్రం పొర్లడం మానేస్తే దానికి ఏదో బాగాలేదని సైసులు ఇవాళ్టికీ అంటారు.

మేత దగ్గరికొస్తే, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన సామెత. పెట్టక తప్పని ఖర్చు గురించి చెప్పే మాట అది. కాలు దెబ్బతిన్న గుర్రానికి తగ్గించాల్సింది మాత్రం సరిగ్గా ఆ దాణానే. పూర్వం ఐరోపాలో బళ్లు లాగే గుర్రాలకు ఆదివారం సెలవిచ్చి, దాణా మాత్రం పూర్తిగా పెట్టేవారు. సోమవారం బండికి కట్టగానే కొన్నింటికి తొడ కండరాలు బిగుసుకుపోయేవి, మూత్రం ముదురు రంగులోకి మారేది, అడుగు ముందుకు పడేది కాదు. దానికి సోమవారం జబ్బు అనే పేరు పడింది. పని లేని రోజున ఉలవలు, ఓట్స్, శనగలు తగ్గించాలన్న పాఠం అక్కడిది. కోత పెట్టేది గింజకే, గడ్డికి కాదు. వదిలేస్తే గుర్రం రోజులో పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది. దాని కడుపులో ఆమ్లం మేత ఉన్నా లేకపోయినా ఊరుతూనే ఉంటుంది. నమిలేటప్పుడు వచ్చే లాలాజలమే దానికి విరుగుడు. రెండు పూటలా రెండు మోపులు పడేసి వెళ్లిపోతే గంటన్నరలో తినేసి, మిగతా పొద్దంతా ఖాళీ నోటితో నిలబడుతుంది. కడుపులో పుండ్లు, కొయ్య కొరికే అలవాటు అక్కడే మొదలవుతాయి.

అందుకే సైసు గడ్డిని దాచిపెడతాడు. సన్న కన్నుల వలలో కూరి, అది చాలకపోతే ఆ వలను ఇంకో వలలో వేసి, గిట్ట ఇరుక్కోనంత ఎత్తున కడతాడు. ఒక్కో పరకా లాక్కుని తినాలి. ఒక మూల గరిక, ఇంకో మూల ఎండుగడ్డి, గోడకు వేలాడదీసిన పచ్చి వెదురు మండ. నీళ్ల బకెట్లో రెండు యాపిల్ ముక్కలు వేస్తే, తేలిపోయే ముక్కను పెదవులతో పట్టుకోవడానికి చాలాసేపు తిప్పలు పడుతుంది. ఆ తిప్పలే దానికి ఆ పూట పని.

ఈ ప్రాంతంవాళ్లు రెండు జాగ్రత్తలు మరిచిపోకూడదు. బిలాస్‌పూర్ చుట్టూ వరి కోతకు ముందే, పైరు నిలిచి ఉండగానే పొలాల్లో తివ్రా చల్లుతారు. ఖేసరి పప్పు అంటే అదే. చౌకగా దొరుకుతుందని ఆ గింజలు రోజూ దాణాలో కలిపితే గుర్రాలకు వెనక కాళ్లు పడిపోవచ్చు, గొంతు నరం దెబ్బతిని ఊపిరి తీసేటప్పుడు గురకలాంటి మోత రావచ్చు. రెండోది గన్నేరు. పువ్వు అందంగా ఉంటుందని ప్రతి పెరట్లోనూ పెంచుతారు. తోచక నిలబడ్డ గుర్రం మామూలప్పుడు ముట్టని ఆకును కూడా నోట్లో పెట్టుకుంటుంది. కొద్దిపాటి గన్నేరాకులు చాలు గుర్రం గుండె ఆగిపోవడానికి, ఎండినా ఆ విషం పోదు. లాయం దరిదాపుల్లో ఆ చెట్టు ఉంటే కొట్టించెయ్యడమే మేలు.

బిలాస్‌పూర్ దగ్గరి లాల్‌ఖదాన్ వైపు ఒక పెళ్లి గుర్రాల యజమాని దగ్గర మాలీసు చూశాను. ముంగాలికి కట్టుతో ఉన్న తెల్ల ఆడగుర్రం అది. పెద్దాయన కుడిచేత్తో ఖరారా అనే దువ్వెన పట్టుకుని ఎడమ అరచెయ్యి మూపు మీద ఆనించాడు. దువ్వడం మెడ దగ్గర కాదు, పొట్ట దగ్గర కాదు, జూలు వచ్చి వీపులో కలిసే ఆ మూపు దగ్గరే మొదలైంది. చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు చెయ్యి తిప్పుతుంటే కాసేపటికి గుర్రం మెడ కిందికి జారింది, చెవులు పక్కలకు వాలాయి, పై పెదవి ముందుకు సాగి వణకడం మొదలైంది. తర్వాత మెల్లగా తల తిప్పి, పళ్లు తగలకుండా, ఆయన భుజాన్ని అదే తీరున రుద్దబోయింది. ఆయన దాన్ని అదిలించలేదు. పక్కన వేలాడుతున్న గోనెపట్టాను దాని మూతికి అందించాడు. అది గోనెను రుద్దుతుంటే ఆయన దాన్ని రుద్దుతూ పోయాడు.

ఫ్రాన్సులోని కమార్గ్ గుర్రాల మీద చేసిన పరిశోధన ఒకటి 1993లో అచ్చయింది. గుర్రాలు ఒకదానినొకటి గీక్కునేది ఎక్కువగా మూపు దగ్గరే. మనిషి అక్కడ రుద్దినా గుండె వేగం తగ్గుతుంది, వేరే చోట రుద్దితే అలా తగ్గదు. ఆ పెద్దాయనకు ఈ లెక్కలతో పని లేదు, చెయ్యి ఎక్కడ వెయ్యాలో ఆయన చేతికి తెలుసు. పైగా రోజూ ఒళ్లంతా తడిమేవాడికి కాలు వేడెక్కిందో లేదో, ఆరోగ్యంగా ఉన్న రెండో కాలు బరువు మోయలేక నొచ్చుకుంటోందో లేదో అందరికన్నా ముందు తెలుస్తుంది. రెండో కాలి సంగతి చాలామంది మరిచిపోతారు. 2006లో అమెరికాలో కెంటకీ డర్బీ గెలిచిన బార్బరో అనే గుర్రం, రెండు వారాలకే ప్రీక్‌నెస్ పందెంలో వెనక కాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతికించారు. కానీ బరువు మోసిన మిగతా కాళ్ల గిట్టల్లోపల వాపు వచ్చి, 2007 జనవరిలో దాన్ని చంపక తప్పలేదు.

గుర్రం మంద జంతువు, ఒంటరితనం దాన్ని భయపెడుతుంది. పక్క గుర్రం కనిపించేలా గోడకు కిటికీ ఉంటే సగం రోగం పోయినట్టే. 2002లో ఇంగ్లండులోని లింకన్‌లో పరిశోధకులు నిలువుటద్దం పెట్టి చూస్తే, నిలబడ్డచోటే ఊగే గుర్రాల్లో ఆ అలవాటు బాగా తగ్గింది. తోడు గుర్రమే కావాలని కూడా లేదు. అమెరికాలో పేరుమోసిన రేసు గుర్రం సీబిస్కట్‌ది చిరాకు స్వభావం. 1936లో దాన్ని తీసుకున్న శిక్షకుడు టామ్ స్మిత్ ముందు ఒక మేకను తోడు పెట్టాడు, అది మేకను బయటికి విసిరేసింది. తర్వాత పంప్‌కిన్ అనే నిదానమైన గుర్రాన్ని పెట్టాడు, ఒక ఊరకుక్క చేరింది, ఒక కోతి చేరింది. అవన్నీ కలిసి పడుకునేవి. 1939లో సీబిస్కట్ ముంగాలి నరం తెగినప్పుడు, కాలు విరిగి కోలుకుంటున్న జాకీ రెడ్ పొలార్డ్ దానితో కలిసి ఉత్తర కాలిఫోర్నియాలోని రిడ్జ్‌వుడ్ పొలంలో ఉన్నాడు. మొదట కుంటుతూ నడిచేవాళ్లు ఇద్దరూ. 1940 మార్చిలో ఆ ఇద్దరే శాంటా అనీటా పందెం గెలిచారు. ఇలాంటి కథలు అరుదు, నిజమే. ఇందులో నాకు పందెం కన్నా ఆ పొలంలో గడిచిన నెలలు ముఖ్యం.

నడక మందు. ఆ మందు మోతాదు చెప్పేది డాక్టరే. మామూలుగా పగ్గం పట్టుకుని రోజుకు రెండు పూటలా ఐదేసి నిమిషాలతో మొదలుపెట్టి, వారానికో రెండు వారాలకో ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతారు. మానే నరంలో కొత్త పోగులు అడ్డదిడ్డంగా పుడతాయి. కొద్దికొద్దిగా బరువు పడుతుంటేనే అవి లాగే దిక్కుకు సర్దుకుంటాయి. అందుకే పూర్తి విశ్రాంతీ చెడుపే, తొందరా చెడుపే. నడకలో కూడా గుర్రం మనసుకు పని చెప్పాలి. మట్టి మీద నడిపించి ఇసుక మీదికి తీసుకెళ్లడం, ఆగమంటే ఆగడం, ఒక అడుగు వెనక్కి వెయ్యడం, నేల మీద పరిచిన కర్రను చూసి దాటడం. తల ఎగరేస్తూ లాక్కుపోయే గుర్రాన్ని బలంతో ఆపబోతే పగ్గం తెగుతుంది. మాటకు ఆగడం ముందే లాయంలో నేర్పి ఉంచుకోవాలి.

నేర్పడానికి ఈ నెలల కన్నా మంచి కాలం దొరకదు. కర్ర చివర గుడ్డ ఉండ కట్టి చూపిస్తే గుర్రం వాసన చూడడానికి మూతి ఆనిస్తుంది. ఆనించిన క్షణంలో నాలుక టక్‌మనిపించి, పళ్లెంలో ఒక క్యారెట్ ముక్క వెయ్యాలి. రెండు మూడు రోజుల్లో ఆ ఉండ ఎటు పోతే మెడ అటు తిరుగుతుంది. ఉండను గుర్రం పక్కటెముకల దాకా, ముందు కాళ్ల మధ్య దాకా తీసుకెళ్తే, కాళ్లు కదలకుండానే మెడా వీపూ వంగుతాయి. రోజూ ఇలా చేయిస్తే వెన్నెముకను పట్టి ఉంచే లోపలి కండరాలు గట్టిపడతాయని కొలిచి చూశారు. దెబ్బ వెన్నుకో మెడకో తగిలి ఉంటే మాత్రం డాక్టరు సరేననేదాకా ఈ పని పెట్టుకోకూడదు. తినుబండారం చేతిలోంచి కాకుండా పళ్లెంలోంచి పెట్టమని నేను గట్టిగా చెబుతాను. లేకపోతే చేతులు వెతుక్కుంటూ కొరకడం నేర్చుకుంటుంది. నోట్లోకి సిరంజి పెట్టించుకోవడం, గిట్ట ఎత్తి లాడాలవాడికి ఇవ్వడం, తడి కట్టుకు బెదరకపోవడం కూడా ఇలాగే నేర్పొచ్చు.

పెళ్లి గుర్రాలకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మన తెలుగువాళ్లం శ్రావణంలో కూడా ముహూర్తాలు పెట్టుకుంటాం. ఛత్తీస్‌గఢ్‌లో మాత్రం తొలి ఏకాదశి నుంచి కార్తిక ఏకాదశి దాకా నాలుగు నెలలు పెళ్లిళ్లు ఉండవు. వేసవి చివర దెబ్బ తగిలిన గుర్రానికి ఆ నాలుగు నెలలు సంపాదన పోగొట్టుకోకుండా ఇవ్వగలిగిన సెలవు. స్నాయువు తెగినదానికి అవి చాలవు. అయినా చాలామంది కార్తికం రాగానే జీను వేసేస్తారు. అప్పుల ఒత్తిడి నాకు తెలియనిది కాదు. కానీ ఒక సీజను వదులుకున్న గుర్రం ఇంకా ఎన్నో సీజన్లు నడుస్తుంది. తొందరపడి కట్టిన గుర్రం మళ్లీ కుంటితే ఆ తర్వాత కొనేవాడు కూడా దొరకడు.

కాలు మానినా బెదురు మానిందో లేదో వేరేగా చూసుకోవాలి. దెబ్బ తగిలింది బ్యాండు మోతలోనే కాబట్టి గుర్రం ఆ మోతనూ నొప్పినీ కలిపి గుర్తుపెట్టుకుంటుంది. లాయంలో గడ్డి వల ముందు నిలబడి ఉన్నప్పుడు ఫోనులో బ్యాండు పాట సన్నగా పెట్టి, చెవులు నిక్కించకుండా నమలడం కొనసాగిస్తేనే మర్నాడు ఇంకాస్త పెంచాలి. డప్పు దూరం నుంచి వినిపించాలి, తర్వాత దగ్గర నుంచి. మెరిసే లైట్లు సాయంత్రం వెలుగుండగా చూపించి ఆ తర్వాత చీకట్లో చూపించాలి. బాణసంచా అన్నిటికన్నా చివర. మొదటి ఊరేగింపుకు వరుణ్ణి ఎక్కించకుండా, వేరే గుర్రం పక్కన పగ్గంతో ఊరికే నడిపించుకుని రావాలి. ఇంటికొచ్చాక కాలు తడిమి, వేడీ వాపూ ఉన్నాయేమో పొద్దున్న ఇంకోసారి చూసి, రెండో ఊరేగింపు ఎప్పుడన్నది డాక్టరును అడిగి పెట్టుకోవాలి.