హిప్‌హాప్ సంగీతమున ప్రవాసుల గొంతుక - ఒక విమర్శ

ఒక జాతి తన నేలను విడిచి దూరదేశములకు పోవునపుడు వెంట గొనిపోవు సామాను స్వల్పము. ఇల్లు రాదు, పొలము రాదు, ఊరి చెరువు రాదు. పలుకును, పాటయు, తాళమును మాత్రము కడలి దాటి వచ్చును. ఈ మూడింటిలో చిరకాలము నిలుచునదేది, ముందుగా జారిపోవునదేది అను ప్రశ్న తెలుగు నేలకు వెలుపల తరతరములుగా నివసించు తెలుగువారికి క్రొత్తది కాదు. నేటి ప్రపంచమున మిక్కిలి ప్రచారము నొందిన ఒక సంగీతరీతి ఈ ప్రశ్నకు చక్కని నిదర్శనము కాగలదు. అదియే హిప్‌హాప్. పెద్దలు దీనిని వట్టి గోల యని త్రోసివేయుచున్నారు. పిన్నలు అర్థము విచారింపకయే అనుకరించుచున్నారు. ఈ రెండును విమర్శ కాజాలవు.

ఈ రీతి జన్మవృత్తాంతమే వలసవృత్తాంతము. 1973వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీ రాత్రి న్యూయార్కు నగరమున బ్రాంక్స్ ప్రాంతమందలి సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520వ నెంబరు భవనమున ఒక వేడుక జరిగెను. సిండీ క్యాంప్‌బెల్ అను బాలిక బడి తెరచు సమయమునకు క్రొత్త బట్టలు కొనదలచి, ప్రవేశరుసుము పెట్టి ఆ వేడుక నేర్పాటు చేసెను. అన్న క్లైవ్ గ్రామఫోను రికార్డులు వేసెను. కూల్ హెర్క్ అను పేర ప్రసిద్ధుడైన ఈ క్లైవ్ 1955లో జమైకాలోని కింగ్‌స్టన్ నగరమున జన్మించి, 1967లో న్యూయార్కు చేరినవాడు. రికార్డులో గానము ఆగి మద్దెలలు మాత్రమే మ్రోగు ఘట్టమునకు నర్తకులు ఉత్సాహముతో ఊగుట గమనించి, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రములపై నుంచి, ఆ ఘట్టమునే మరల మరల వినిపించు ఉపాయమును అతడు కనిపెట్టెను. బార్బడోస్ ద్వీపమున బుట్టి బ్రాంక్స్‌లో పెరిగిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఆ ఉపాయమునకు కొలతయు కచ్చితత్వమును కూర్చెను. రికార్డుపై గుర్తులు పెట్టుకొని, చేతితో త్రిప్పి, తాళము తప్పకుండ ఒకదానినుండి మరియొకదానికి దాటుట అతని నేర్పు.

ఇచట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. జమైకా వీధులలో పెద్ద పెట్టెలతో పాటలు వేయుచు నడుమనడుమ మాటలు విసరు ఆచారము పూర్వమునుండి కలదు. అందుచేత హిప్‌హాప్ జమైకానుండి యథాతథముగా దిగుమతియైనదని కొందరు చెప్పుదురు. అది పూర్తిగా నిజము కాదు. హెర్క్ వేసిన రికార్డులు జేమ్స్ బ్రౌన్ మున్నగు అమెరికా గాయకులవి. పెద్ద పెట్టెల ధ్వనియందు ప్రీతి ద్వీపముది, పాట క్రొత్త ఊరిది. ఈ రెండును కలిసినచోటనే నూతనరీతి పుట్టెను. ప్రవాసి తాను తెచ్చినదానిని ఉన్నదున్నట్లు దాచుకొనినచో అది పెట్టెలోని పాతచీర యగును. దానిని నలుగురిలో కట్టి తిరిగిననే అది వస్త్రము.

యంత్రముల ధ్వనిపై వేగముగా, లయబద్ధముగా మాటలు చెప్పుట రాప్ అనబడును. తెలుగు ఛందస్సు నెరిగినవారికి దీని మర్మము సుబోధము. తెలుగు పద్యమున ప్రాస పాదములందలి రెండవ యక్షరమున నుండును. రాప్‌నందు అంత్యప్రాస ప్రధానమైనను, నేర్పరియైన కవి పాదమధ్యమునను ప్రాసలు గుప్పించును. మృదంగ విద్వాంసుడు చతురశ్రమున సాగుచు తిశ్రమునకు మారి మరల సమమునకు వచ్చినట్లే, ఇతడును మాటల నడకను మార్చి చివరకు తాళమున దిగును. బుఱ్ఱకథలో కథకుడు చెప్పుచుండ వంతలు అందుకొనుట యెట్లో, ఇందును ప్రధానగాయకుని మాటను తోడివాడు అందుకొనుట కలదు. కాగా ఇది శాస్త్రము లేని అరుపు కాదు. దాని శాస్త్రము వేరు.

ఆఫ్రికానుండి వెడలిన కుటుంబముల బిడ్డలు ఈ రీతిని మూడు దేశములలో మూడు విధముల మలచిరి. ఎం.సి. సోలార్ 1969లో సెనెగల్ రాజధాని డాకార్‌లో చాద్ దేశీయులకు జన్మించి ఫ్రాన్సులో పెరిగెను. 1991లో వెలువడిన ఇతని మొదటి సంకలనము రాప్‌ను ఫ్రెంచి భాషకు సహజమైన కవితారూపముగా నిలబెట్టెను. అంతట ఊరకుండక ఆ దేశము 1994లో చట్టము చేసి, 1996 నుండి రేడియోలో ప్రసారమగు పాటలలో నూటికి 40 ఫ్రెంచిలో నుండవలెనని శాసించెను. ఇందువలన ఫ్రెంచి రాప్‌కు గొప్ప ఊత దొరకెను. లండనులో నైజీరియా తలిదండ్రులకు బుట్టిన స్కెప్టా, తూర్పు లండనున ఈ శతాబ్దారంభమున పుట్టిన గ్రైమ్ అను శాఖకు ప్రముఖుడై, 2016లో మెర్క్యురీ బహుమానము నందెను. అతడు అమెరికా ఉచ్చారణను అనుకరింపక తన వాడ యాసలోనే పలికెను.

మూడవవాడు కెనాన్. సోమాలియాలోని మొగదీషులో బుట్టి, 1991లో అంతర్యుద్ధము చెలరేగినపుడు కుటుంబముతో వెడలి కెనడా చేరినవాడు. సోమాలీ కవిత్వమున పద్యము పొడవునను ఒకే అక్షరము పాదపాదమున ఆవృత్తియగు నియమము కలదు. తెలుగు యతికి ఇది దగ్గరి చుట్టము. అట్టి సంప్రదాయమున కవిగాయకులున్న యింట పెరిగిన కెనాన్‌కు రాప్ పరాయివిద్యగా తోపకుండుట సహజము. 2005 నాటి ఇతని సంకలనమునకు కెనడాలో జూనో బహుమానము లభించెను. అయినను ఇతడు ప్రధానముగా ఆంగ్లమున పాడెను. నియమము వచ్చెను గాని భాష వెనుకబడెను. ఈ విషయమును జ్ఞాపకముంచుకొనవలెను.

దక్షిణాసియావారి పాత్ర బ్రిటనులో మొదట స్పష్టమయ్యెను. బ్రాడ్‌ఫర్డ్‌లో 1991లో ఏర్పడిన ఫన్-డా-మెంటల్ బృందమును, లండనులో 1993లో ఏర్పడిన ఏషియన్ డబ్ ఫౌండేషన్ బృందమును వర్ణవివక్షను ఎదిరించుటకు ఈ రీతిని ఆయుధముగా గైకొనెను. వీరి గొప్పతనము ధైర్యమున నున్నది. నినాదము కవిత్వమును మింగివేసిన ఘట్టములును లేకపోలేదు. కోవెంట్రీకి చెందిన పంజాబీ ఎం.సి. మార్గము వేరు. 1998లో ఇతడు రూపొందించిన పాటలో లాభ్ జంజువా గొంతు, తుంబి తంతి, ఒక అమెరికా టెలివిజన్ ధారావాహిక సంగీతమును కలిసినవి. ఆ పాట 2003లో బ్రిటన్ పట్టికలో మొదటి పదింటిలో నిలిచెను. అమెరికా రాపర్ జే-జీ దానికి తన గొంతు కలిపెను. ఆంగ్లము రాని పల్లెటూరి పంజాబీ మాట ఒక్కటియు మారకుండనే లోకము చుట్టి వచ్చెను.

ఇందుకు భిన్నమైన ఉదాహరణమును పరిశీలింపవలెను. 2002లో ట్రూత్ హర్ట్స్ అను గాయని పాడిన అమెరికా పాటలో, 1981 నాటి ‘జ్యోతి’ హిందీ చిత్రమునకు బప్పీ లాహిరి స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన గానభాగము అనుమతి లేకయే చేర్చబడెను. ఆ హిందీ మాటల యర్థమునకును ఆంగ్లగీతభావమునకును సంబంధమే లేదు. వివాదము న్యాయస్థానము కెక్కగా, 2003లో స్వరకర్త పేరు ముద్రింపకుండ ఆ రికార్డును అమ్మరాదని ఉత్తరువు వెలువడెను. గొంతు తీసికొని మనిషిని మరచుట అలంకారము కాదు, అపహరణము. పంజాబీ పాటయందు పరాయి సంగీతము ఇంటివారి మాటకు పనివాడయ్యెను. ఇందు ఇంటివారి మాట పరాయి సంగీతమునకు తోరణమయ్యెను. ఇట్టి పాటలను తూచుటకు ఈ భేదమే త్రాసు.

ఈ త్రాసున ఎం.ఐ.ఏ. అను మాతంగి అరుళ్‌ప్రగాసం బరువైన కవయిత్రి. 1975లో లండనున బుట్టి, పసితనమున యాళ్పాణము చేరి, యుద్ధభయముచే 1986లో తిరిగి లండనుకు వచ్చిన తమిళ స్త్రీ. 2005 నాటి సంకలనమునకు తండ్రి పేరును, 2007 నాటిదానికి తల్లి పేరును పెట్టెను. రెండవదానికై చెన్నై వచ్చి, ఉఱుమి వాయించు కళాకారుల మ్రోతను చేర్చుకొనెను. అందలి ‘పేపర్ ప్లేన్స్’ వలసవచ్చినవారిని దొంగలుగా చూచు దృష్టిని వెక్కిరించును. తుపాకి చప్పుడును, డబ్బుపెట్టె చప్పుడును ఆ పాటలో మాటలంత బలముగా పలుకును. 2008లో అది అమెరికా పట్టికలో నాల్గవ స్థానము చేరెను. ఈమె కృతులలో అక్కడక్కడ తొందరపాటు, అస్పష్టత యున్నవి. కాని ఉఱుమి అందు తోరణము కాదు, గుండెచప్పుడు.

ఇక తెలుగువారి మాట. న్యూయార్కులోని క్వీన్స్‌నుండి వచ్చిన అశోక్ కొండబోలు, హిమాంశు సూరి, వారితో చేరిన విక్టర్ వాస్కెజ్‌ల ‘దాస్ రేసిస్ట్’ బృందము 2010లో రెండు సంకలనములు వెలువరించి, 2012లో విడిపోయెను. హాస్యము మాటున జాతివివక్షను నిలదీయుట వీరి పద్ధతి. అశోక్ తెలుగు కుటుంబపు బిడ్డ. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో 1986లో జన్మించిన శ్వేత యల్లాప్రగడ రావు ‘రాజకుమారి’ అను పేర ప్రసిద్ధురాలయ్యెను. బాల్యముననే కూచిపూడి, భరతనాట్యము, కథక్ అభ్యసించిన ఈమె, 2014లో ఫాల్ అవుట్ బాయ్ బృందపు ‘సెంచరీస్’ పాట రచనలో పాల్గొనెను. 2017లో బొంబాయి రాపర్ డివైన్‌తో గూడి పాడెను. నట్టువాంగపు జతులను ఆంగ్ల రాప్‌లో పలికించుట ఈమె విశేషము. ఆ జతులు అతికించినట్లు గాక, గజ్జె కట్టిన పాదమునుండి నేరుగా వచ్చినట్లు వినవచ్చును. ఇది నిజమైన సాధన.

అయినను విమర్శకుడు ఒక మాట చెప్పక తప్పదు. ఈ కృతులలో తెలుగు తాళము కలదు, తెలుగు ఇంటిపేరు కలదు, తెలుగు పలుకు మాత్రము అరుదు. 2024లో అమెరికా పట్టిక కెక్కిన ‘బిగ్ డాగ్స్’ పాటకు ధ్వని కూర్చిన కల్మి హైదరాబాదువాడు, పాడిన హనుమాన్‌కైండ్ హ్యూస్టన్‌లో పెరిగిన మలయాళి. అందలి భాషయు ఆంగ్లమే. దీనికి వారిని నిందించుట న్యాయము కాదు. పంజాబీ నిలిచినది పంజాబీలు అధికాభిమానులగుటచేత కాదు. బ్రిటనులో వారి పెండ్లిళ్ళలోను, సంఘశాలలలోను భాంగ్రా పాటకు ప్రతివారము వినువారుండిరి. యువకుడు తన భాషలో తప్పు పాడినను చిందు వేయువారుండిరి. మలేషియా తమిళులకును ఇట్టి శ్రోతలుండుటచేతనే, 2006లో యోగి బి., నక్షత్ర బృందము తమిళ రాప్ సంకలనమును వెలువరింపగలిగెను. సముద్రము దాటిన తెలుగు బిడ్డకు నృత్యశాల దొరకెను, భజన దొరకెను. తెలుగులో తన కోపమును, నవ్వును, వీథిని చెప్పుకొనుటకు వేదిక దొరకలేదు. నాట్యము నేర్చినవానికి జతి మిగులును, మాట్లాడుట కవకాశము లేనివానికి మాట మిగులదు.

ఈ సత్యమునకు సాక్ష్యము దూరమున వెదకనక్కరలేదు. తంజావూరు సీమలో త్యాగరాజస్వామి తెలుగున కృతులు రచించెను. మేలట్టూరు భాగవతమేళమున తెలుగు నాటకములు నేటికిని ప్రదర్శింపబడుచున్నవి. ఆ కృతులను పాడువారిలో తెలుగు నెఱుగనివారు పెక్కురు. రాగము, తాళము చెక్కుచెదరలేదు, అర్థము మాత్రము గురువు చెప్పిననే తెలియును. అయితే త్యాగరాజు తన కాలమున తెలుగును పూజాద్రవ్యముగా గాక, రామునితో అలుగుటకును, వేడుటకును, దెప్పుటకును వాడెను. ఆ జీవభాషయే ఆ కృతులకు ప్రాణము.

కావున తెలుగు సంఘములకును, ఇతర రాష్ట్రములందలి తెలుగు పాఠశాలలకును ఈ పరదేశసంగీతమునుండి గ్రహింపదగిన నీతి యొకటి కలదు. వార్షికోత్సవమున పిల్లలచే కంఠస్థపద్యము చెప్పించుట మంచిదే. దానితోపాటు, ఒక పదునైదేండ్ల బాలుడు కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో కలిసిన తన తెలుగులో, తన వీథిని గూర్చి తాళము వేసి చెప్పినచో, యాసను జూచి నవ్వక చివరివరకు వినుట అంతకంటె అవసరము. స్కెప్టా వాడ యాస అతనికి అడ్డుకాలేదు. బ్రాంక్స్‌లోని ఆ రాత్రి వేడుకకు వచ్చినవారు జమైకానుండి వచ్చిన కుఱ్ఱవానిని ఛందస్సు అడుగలేదు, నిలిచి వినిరి. వినువారున్నచోట భాష తన దారి తాను వెదకుకొనును. వినువారు లేనిచోట అది జతిగా మిగిలి, పిదప ఇంటిపేరుగా మిగులును.