పని నేర్పినవాడు అక్కడే ఉండిపోతే

విశాఖ ఉక్కులో గోదావరి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో వెలిగింది, కృష్ణ 1992లో. కొత్త ప్లాంటు కాబట్టి మనుషుల్నీ పెద్ద సంఖ్యలోనే తీసుకున్నారు. దాదాపు ఒకే వయసువాళ్లు ఒకేసారి చేరితే ఒకే మెట్టు మీద అందరూ ఆగిపోతారు. పైవాళ్లు రిటైరైతే తప్ప కిందివాళ్లకు చోటుండదు. గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరంలో ఎన్నో ఇళ్లకు ఈ నిరీక్షణ తెలుసు.

ప్రభుత్వ ఉక్కు రంగంలో కార్మికుల గ్రేడ్లు వేరు, అధికారుల గ్రేడ్లు వేరు. మరో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌లో కార్మికులకు ఎస్-1 నుంచి ఎస్-11 దాకా ఉన్నాయి. సర్వీసుతో గ్రేడు పెరుగుతుంది, జీతమూ పెరుగుతుంది. పని మాత్రం చాలామందికి పాతదే. అధికారి కావాలంటే జూనియర్ ఆఫీసర్, అంటే ఈ-0 ఎంపికలో గట్టెక్కాలి. అదీ ఖాళీలుంటేనే.

ఇంజినీరింగ్ చదివి మేనేజ్‌మెంట్ ట్రైనీగా వచ్చిన కుర్రాడు నేరుగా అధికారుల వరసలో చేరతాడు. ఫర్నేసు నుంచి పారే ఇనుము రంగు, ఎగిసే రవ్వలు చూసి లోపలి వేడి చెప్పగల సీనియర్ అతనికి పని నేర్పుతాడు. కొన్నేళ్లకు ఆ సీనియరే అతని సంతకం కోసం నిలబడతాడు. చదువుకు విలువ ఇవ్వాల్సిందే. పాతికేళ్లు వేడిలో నేర్చుకున్నదీ చదువే కదా!

ఉద్యోగమంటే ఒక్క పనికి తీసుకోవడం కాదు, మొత్తం కెరీర్‌కు తీసుకోవడమని, ఎదిగే అవకాశం కల్పించాలని 1989లోనే సుప్రీంకోర్టు కె.జి.ఎస్. భట్ కేసులో చెప్పింది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 2008 నుంచి ఎంఏసీపీ అమల్లో ఉంది. ప్రమోషన్ రాకపోయినా 10, 20, 30 ఏళ్ల సర్వీసుకు పై స్థాయి జీతం ఇస్తారు. హోదా మాత్రం మారదు. జీతం ఒక్కటే సరిపోతే ఇంత బాధ ఉండేది కాదు.

ప్లాంటు పెరిగితే పోస్టులూ పెరుగుతాయి. కానీ 2021 జనవరి 27న విశాఖ ఉక్కులో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక, ప్రమోషన్ మాట వెనక్కిపోయి ప్లాంటు ఉంటుందా అన్నది ముందుకొచ్చింది. 2025 జనవరిలో ప్లాంటుకు రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అదే ఏడాది స్వచ్ఛంద పదవీ విరమణ పథకమూ వచ్చింది.

అలా వెళ్లిపోయినవాళ్ల పోస్టుల్లో ఏవి నింపుతారో, ఏవి రద్దు చేస్తారో యాజమాన్యం ముందే చెప్పాలి. ఏటా ఒక నిర్ణీత తేదీన జూనియర్ ఆఫీసర్ పరీక్ష పెట్టాలి. ట్రైనీలకు పని నేర్పిన అనుభవానికి అందులో మార్కులివ్వాలి.