ఎలక్ట్రాన్ ఎటు పోతుంది?

డిగ్రీలో చేరిన పిల్లల్లో చాలామంది ఆర్గానిక్ కెమిస్ట్రీని బట్టీ పట్టే సబ్జెక్టుగానే చూస్తారు. ఇంటర్‌లో వాళ్లకు అలాగే అలవాటైంది. పేరున్న చర్యలన్నీ ఒక చార్టు మీద రాసుకో, గోడకు అంటించుకో, ఎంట్రెన్స్ దాకా గుర్తుపెట్టుకో. మొదటి సెమిస్టర్ సగానికి వచ్చేసరికి చార్టు పెరుగుతుంది, జ్ఞాపకం చాలదు, భయం మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతున్నవాణ్ని, నేను గట్టిగా నమ్మే మాట ఒకటే. ఈ సబ్జెక్టులో గుర్తుపెట్టుకోవాల్సింది మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. పదేపదే అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటుంది: ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎక్కువున్నాయి, అక్కణ్నుంచి ఎటు పోతాయి? పెన్సిల్‌తో వంపు బాణం గీసేది ఆ ప్రశ్నకు జవాబుగానే.

నిజామాబాద్ జిల్లాలోని ఇందల్వాయి, డిచ్‌పల్లి, ఆర్మూర్ ప్రాంతపు పిల్లలకు ఆ ప్రశ్న అలవాటు చేయడానికి ఖరీదైన రసాయనాలు అక్కర్లేదు, పసుపు చాలు. చలికాలం వెళ్లేవేళకు ఇక్కడ పసుపు తవ్వుతారు, ఉడకబెడతారు, కల్లాల్లో ఆరబోస్తారు, పాలిష్ పట్టి మార్కెట్ యార్డుకు తోలుతారు. ఉడకబెడితే కొమ్ములోని పిండి మెత్తబడి, రంగు లోపలంతా సమంగా పరుచుకుంటుంది, తొందరగా ఆరుతుంది. ఆ రంగు పేరు కుర్కుమిన్.

ఒక గాజు గ్లాసులో కొంచెం స్పిరిట్ పోసి, చిటికెడు పసుపు కలిపి, పొడి అడుక్కి దిగేదాకా ఆగండి. పైన తేరిన పచ్చటి ద్రవంలో రెండు చుక్కల సున్నపు తేట వేయండి. కళ్ల ముందే ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో, పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణిలో జరిగేది ఇదే. వెంటనే నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. ఆలస్యం చేస్తే మాత్రం పాత రంగు పూర్తిగా రాదు, ఎందుకంటే క్షారంలో ఎక్కువసేపు ఉంటే ఆ అణువే విరిగిపోతుంది.

ఇప్పుడు పెన్సిల్ తీసుకోవాలి. కుర్కుమిన్ అణువులో 21 కార్బన్లు, 20 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. రెండు కొసలా రెండు బెంజీన్ వలయాలు, వాటిని కలుపుతూ 7 కార్బన్ల గొలుసు. ద్విబంధం, ఏకబంధం, మళ్లీ ద్విబంధం, ఇలా వరస తప్పకుండా సాగడం వల్ల ఎలక్ట్రాన్లు ఒక్కచోట కట్టుబడి ఉండవు. ఆ కొస నుంచి ఈ కొస దాకా పరుచుకుంటాయి. అందుకే ఈ అణువు 425 నానోమీటర్ల దగ్గరి ఊదా, నీలి కాంతిని పీల్చుకుంటుంది. మిగిలిన కాంతి మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. సున్నం వేయగానే అణువులోని ఓహెచ్ గుంపు ప్రోటాన్‌ను వదులుకుంటుంది. ఆక్సిజన్ మీద మిగిలిన ఎలక్ట్రాన్ జంట అక్కడే కూర్చోదు, గొలుసులోకి దిగుతుంది. ఎలక్ట్రాన్లు కదలడం ఇంకా సులువవుతుంది, తక్కువ శక్తి ఉన్న కాంతి కూడా వాటికి సరిపోతుంది. పీల్చుకునే రంగు మారింది కనుక కనిపించే రంగూ మారింది. నిమ్మరసం ఆ ప్రోటాన్‌ను తిరిగి ఇచ్చేస్తుంది.

మరి గొలుసు నట్టనడుమ రెండు కార్బొనిల్ గుంపుల మధ్య ఉన్న కార్బన్ మాటేమిటి? దానికి రెండు హైడ్రోజన్లు ఉంటే వరస అక్కడ తెగిపోవాలి కదా? తెగదు. అందులో ఒక హైడ్రోజన్ ఆక్సిజన్ మీదికి మారి ఈనాల్ రూపం ఏర్పడుతుంది, ఆ హైడ్రోజన్‌ను పక్కనున్న రెండో ఆక్సిజన్ కూడా పట్టుకుంటుంది. ఆమ్లం, క్షారం, రెజొనెన్స్, టాటోమెరిజం, హైడ్రోజన్ బంధం: వేర్వేరు యూనిట్లుగా భయపెట్టిన పాఠాలన్నీ ఒక్క గ్లాసులో కలిసి కనిపిస్తాయి.

ఈ బొమ్మ గీయడం మనకిప్పుడు ఒక పేజీ పని. పసుపు నుంచి ఈ పదార్థాన్ని 1815లో ఫోగెల్, పెల్టియే వేరు చేశారు. దాని నిర్మాణం తేలింది 1910లో, మిలోబెంజ్కా, కొస్తానెట్స్కీ, లాంపే చేతుల్లో. మధ్యలో 95 ఏళ్లు. 1815 నాటికి పదార్థం చేతిలో ఉంది కానీ దాని గురించి ఆలోచించే పద్ధతి లేదు. కార్బన్‌కు నాలుగు బంధాలని కెకూలే చెప్పింది 1858లో, బెంజీన్ వలయాన్ని ప్రతిపాదించింది 1865లో. తరాల తరబడి మనుషులు వెతికి పట్టుకున్న ఆ పద్ధతిని పిల్లలకు చార్టుగా కుదించి ఇస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

ప్రాక్టికల్స్‌లో నాకు బాగా ఇష్టమైంది థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ (టీఎల్‌సీ). సిలికా పూసిన పలక మీద పసుపు సారం చుక్క పెట్టి, ద్రావణిలో నిలబెడితే మూడు పచ్చటి మచ్చలు ఒకదాని కింద ఒకటి విడిపోతాయి. పైన కుర్కుమిన్, దాని కింద ఒక మెథాక్సీ గుంపు తగ్గినది, అడుగున రెండూ లేనిది. ఒకసారి ఒక అమ్మాయి పలక పట్టుకుని వచ్చింది. "సార్, ఆక్సిజన్లు ఎక్కువున్నది సిలికాకు గట్టిగ అతుక్కొని కిందనే ఉండాలె గదా. ఇది పైకెట్ల పోయింది?" ఇంత మంచి ప్రశ్న పరీక్ష పేపర్లలో అరుదుగా కనిపిస్తుంది. జవాబు బొమ్మలోనే ఉంది. మెథాక్సీ గుంపు పక్కనే ఉన్న ఓహెచ్‌ను తనవైపు కట్టిపడేస్తుంది. సిలికాను పట్టుకోవడానికి ఆ ఓహెచ్‌కు తీరిక తగ్గుతుంది. రెండు మెథాక్సీలూ లేని అణువుకు ఆ కట్టు లేదు, అందుకే అది కిందనే ఆగిపోతుంది. ఆక్సిజన్లు లెక్కపెడితే సరిపోదని, ఏది దేని పక్కన ఉందో చూడాలని ఆ అమ్మాయికి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

అణువులో చిన్న మార్పు మనుషుల బతుకుల్లోకి ఎంత దూరం వస్తుందో తెలియడానికీ ఇక్కణ్నుంచి దూరం పోనక్కర్లేదు. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్న డిచ్‌పల్లిలోనే, గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసాబెల్ కెర్ కుష్ఠు రోగుల ఆసుపత్రిని నిలబెట్టారు. అప్పట్లో ఆ జబ్బుకు కాస్తో కూస్తో ఆసరా చాల్మోగ్రా జాతి గింజల నూనె. తాగితే వాంతులు, సూదిగా ఇస్తే చిక్కటి నూనె ఒంట్లో కదలక గడ్డలు కట్టేది. హవాయిలో ఆలిస్ బాల్ అనే యువ రసాయన శాస్త్రవేత్త ఆ నూనెలోని ఆమ్లాలను ఇథైల్ ఎస్టర్లుగా మార్చి, ఒంట్లో కలిసిపోయే మందుగా చేసింది. 1916 చివర్లో, 24 ఏళ్లకే ఆమె కన్నుమూసింది. ఎస్టరిఫికేషన్ మా పిల్లలు రెండు మార్కులకు రాసే చర్య. 1940ల్లో సల్ఫోన్ మందులు వచ్చేదాకా ఎందరో రోగులు ఆ రెండు మార్కుల చర్య మీద ఆశ పెట్టుకుని బతికారు.

అందుకే తోటి లెక్చరర్లకు నా మనవి: మొదటి ప్రాక్టికల్ పసుపుతో పెట్టండి. పిల్లలతో రోజూ కాగితం మీద బాణాలు గీయించండి. తప్పు గీసిన బాణాన్ని కొట్టేయకుండా, ఎలక్ట్రాన్ అటు ఎందుకు పోదో వాళ్ల చేతే చెప్పించండి. పసుపు కొనేవాళ్లు కుర్కుమిన్ శాతం ఎంతని అడిగే రోజులివి. నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది కూడా. ఆ శాతం తేల్చే పద్ధతి, పసుపును ఆల్కహాల్‌లో కరిగించి 425 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతి పీల్చుకుందో కొలవడమే. పాఠం అర్థమైన రైతు బిడ్డ కాలేజీ లాబ్‌లోనే ఆ కొలత తీయగలదు, ఎదుటివాడు చెప్పిన అంకె సరైందో కాదో తేల్చగలదు. చార్టు బట్టీ పట్టిన బిడ్డకు ఆ ధైర్యం రాదు.