చేతివాటం

పోయిన వారం పేపర్లో ఒక హెడ్డింగు: గోదాంలో సిబ్బంది చేతివాటం. బస్తాలు మాయమయ్యాయని చదవకుండానే తెలిసిపోయింది. అసలు వాటం అంటే అనువు. కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా అని అడుగుతుంటాం. చేతికి అబ్బిన పనితనాన్ని చెప్పాల్సిన మాట దొంగతనానికి ముద్దుపేరైంది.

ఇంగ్లీషులో మనూవర్‌కూ ఇదే గతి. ఇరుకు సందులో లారీని ఒడుపుగా తిప్పినా, సైన్యం విన్యాసాలు చేసినా, నాయకుడు రాత్రికి రాత్రి పావులు కదిపినా ఆ మాటే వాడతారు. లాటిన్ మూలంలో దానర్థం చేత్తో పని చేయడం, అంతే. ఫ్రెంచి మీదుగా 18వ శతాబ్దంలో ఇంగ్లీషుకొచ్చింది. ఎరువును మెన్యూర్ అంటారే, అదీ ఈ మూలానిదే. మొదట్లో భూమి సాగు చేయడమని అర్థం. ఎరువుకూ ఎత్తుగడకూ చుట్టరికమని తెలిసి నవ్వొచ్చింది.

చేతిపని అంటే ఏమిటో చూడాలంటే కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనివాళ్ల దగ్గర కాసేపు కూర్చోవాలి. ఎలగందుల నుంచి పట్నానికి వచ్చిన విద్య ఇది; 2007లో జీఐ గుర్తింపు దక్కింది. వెండిని కమ్మచ్చు బెజ్జాల్లోంచి లాగి లాగి సన్నతీగ చేస్తారు. రెండు పోగులు పేని, అణిచి, పట్టకారుతో చుట్టలు చుట్టి, మందపాటి వెండి చట్రంలో కూరుస్తారు. వెలిగారం, అతుకుపొడి చల్లి మంట చూపిస్తారు. మంట కాస్త ఎక్కువైందా, నగిషీ అంతా ముద్దే.

నేనూ ఓసారి పట్టకారు పట్టాను. తీగ వంకరపోయింది.

“గట్టిగ పట్టకుండ్రి సార్, వట్టిగ ఆనియ్యుండ్రి” అన్నాడు పెద్దాయన. ఆయన నా మొహం చూస్తూనే మాట్లాడుతున్నాడు. ఆలోపు ఆయన వేళ్లు రెండు చుట్టలు ముగించాయి.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళికి గుస్సాడీ ఆడేవాళ్ల కాళ్లకూ ఇలాంటి ఒడుపే. అంత పెద్ద నెమలీకల టోపీ తలమీదుంటే నాకు నడకే కష్టం, వాళ్లు ఆడతారు. ఆ ఆట నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన పోయారు.

డెస్కులో హెడ్డింగులు పెట్టే తమ్ముళ్లకో మనవి. దొంగతనాన్ని దొంగతనమనే రాయండి. చేతివాటాన్ని ఆ వెండి పనివాళ్లకు వదిలేయండి.