ఫిస్టులా, నాడి: ఒకే మణికట్టు మీద రెండు మాటలు

సోంపేట, కవిటి, పలాస డయాలసిస్ కేంద్రాల దగ్గర కాసేపు కూర్చుంటే చాలు, ‘ఫిస్టులా’ అన్న మాట చెవిన పడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ రోగుల ఇళ్లలో అది బీపీ, షుగర్‌లాగే తెలుగైపోయింది. నిఘంటువు తీస్తే మాత్రం నాడీవ్రణం, భగందరం (మలద్వారం దగ్గరి పుండు) అని ఉంటుంది.

పుట్టుకలో ఫిస్టులా, నాడి రెండూ తోబుట్టువులే. లాటిన్‌లో ఫిస్టులా అంటే గొట్టం, రెల్లుకాడ, పిల్లనగ్రోవి. సంస్కృతంలో నాడి కూడా బోలుకాడే. ఋగ్వేదం పదో మండలంలోని యమసూక్తంలో ఊదే వాద్యానికి అదే పేరు. లోలోపల దారి చేసుకుని చీము కార్చే పుండును చూస్తే రోమన్లకూ మనవాళ్లకూ గొట్టమే తట్టింది. సుశ్రుతుడు అంతటితో ఊరుకోలేదు. భగందరాన్ని ఐదు రకాలు చేశాడు. వాటిలో మూడు: జల్లెడలా చిల్లులు పడితే శతపోనకం, ఒంటె మెడలా లేస్తే ఉష్ట్రగ్రీవం, శంఖం సుడిలా మెలి తిరిగితే శంబూకావర్తం. శస్త్రం పట్టేవాడికి పుండు పోకడ పేరులోనే తెలిసిపోతుంది. దీని ముందు లాటిన్ మాట వట్టి చప్పన.

ఆ చప్పదనమే దానికి కలిసొచ్చింది. డయాలసిస్ కోసం 1960లో అమెరికా వైద్యుడు స్క్రిబ్నర్ రోగుల చేతికి అమర్చిన టెఫ్లాన్ గొట్టాలు బయటికి ఉండేవి, చీము పట్టేవి. 1966లో న్యూయార్క్‌కు చెందిన బ్రెషియా, సిమినో బృందం మణికట్టు దగ్గర ధమనిని సిరకు కలిపి కుట్టే పద్ధతిని ప్రకటించింది. ధమని ఒత్తిడికి సిర కొన్ని వారాల్లో ఉబ్బి, గోడ మందమై, లావు సూదులకు పదేపదే ఓర్చుకుంటుంది. లేని దారి పుట్టించారు కనుక దాన్నీ ఫిస్టులా అనే అన్నారు. గొట్టం అన్న అర్థంలో పుండు లేదు కాబట్టి పేరు అతికింది. మన మాటకేమో ‘వ్రణం’ తోక ఉంది. బతకడానికి వేయించుకున్న దారిని నాడీవ్రణం అంటే ఏ రోగి ఒప్పుకుంటాడు?

ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వరు, సెలైన్ ఎక్కించనివ్వరు. రోజూ కుట్టు మీద వేళ్లు ఆనించి ‘ఝుమ్’మని అదురుతోందో లేదో చూసుకోమంటారు, అదురు ఆగిందంటే పరుగున ఆసుపత్రికి రావాల్సిందే. చిత్రమేమంటే, నాటు వైద్యుడు నాడి చూసేదీ ఆ ధమని మీదే. తెలుగువాడి నోట నాడి ఏనాడో పుండును వదిలి ఆ కొట్టుకోవడానికే స్థిరపడింది. ఉద్దానం జనం ఫిస్టులా అంటే ఇంగ్లీషు మోజు అనుకోనక్కర్లేదు. భగందరం తన చోట భగందరంగానే ఉండనీ. చేతికి వేసేదాన్ని మాత్రం నిఘంటువు కూడా ఫిస్టులా అనే ఎక్కించుకోవాలి.