గోడ మీద ఉండాల్సిన మనిషి

శ్రీకాకుళం జిల్లాలో నేను డ్రాయింగు చెప్పిన గురుకులంలో సముద్రపు ఒడ్డు పిల్లలు, మగ్గం ఇళ్ల పిల్లలు, సీతంపేట వైపు కొండల మీంచి దిగొచ్చిన సవర పిల్లలు ఒకే బల్ల మీద కూర్చునేవారు. ఒక ఏడాది సంక్రాంతికి ముందు 'మన సంస్కృతి' అని బోర్డు మీద రాసి, బొమ్మ వెయ్యమన్నాను. నలభై రెండు కాగితాలు వచ్చాయి. ఏది తీసినా గంగిరెద్దు, హరిదాసు, గొబ్బెమ్మలు, వెనక రెండు కొండల నడుమ సూర్యుడు. ఎవరి కాగితం ఎవరిదో పేరు చూస్తే గాని తెలియలేదు.

తప్పు నాదే. 'సంస్కృతి' అనేసరికి అది తమ ఇంట్లో ఉండేది కాదని, పుస్తకంలో ఉండేదని పిల్లలు అనుకుంటారు. మరుసటి వారం ఆ మాట తుడిచేసి, మీ ఊరు ఎలా ఉంటుందో వేసి చూపించమన్నాను.

కళింగపట్నం దగ్గరి కుర్రాడు కాగితంలో ముప్పావు వంతు నీళ్లతో నింపేశాడు. ఊరు ఎక్కడో పైఅంచున సన్నటి గీత. దాని మీద దీపస్తంభం, నాలుగు తాటిచెట్లు. ఊరిని ఇంత చిన్నగా వేశావేమని అడిగితే, పడవలోంచి అంతే కనపడుతుంది మేష్టారూ అన్నాడు. ఆ తాటిచెట్లను గుర్తు పెట్టుకునే వాళ్ల నాన్న పడవని ఒడ్డుకు తిప్పుతాడట. సముద్రం వేసినవాళ్లను చాలామందినే చూశాను. అందరూ ఒడ్డున నిలబడి వేసినవాళ్లే. పొందూరు పిల్ల ముందు కాగితమంతా నిలువు గీతలు గీసి, తర్వాతే అడ్డగీతలకు దిగింది. ముందు పడుగు, తర్వాత పేక. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే ఇంట్లో పుట్టిన చెయ్యి అది. గీతకీ గీతకీ మధ్య ఎడం ఎక్కడా చెదరలేదు.

ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియాలోని పపున్యా కథ చదివాను. ఎడారి నడుమ ప్రభుత్వం కట్టిన ఊరది. పింటుపి, లురిట్జ, వార్ల్‌పిరి ఇంకా ఇతర భాషల ఆదివాసులను అక్కడికి చేర్చారు. 1971లో జెఫ్రీ బార్డన్ అనే కుర్ర టీచరు అక్కడి బడికి వచ్చాడు. తరగతిలో పిల్లలు సినిమాల్లోని కౌబాయిల బొమ్మలు వేస్తున్నారు. బయటికి వెళ్తే అదే పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ ఇసుకలో వేళ్లతో వలయాలూ అర్ధవృత్తాలూ గీస్తున్నారు. వాటినే వెయ్యమని ఆయన పిల్లలను ప్రోత్సహించాడు. కాని ఆ గుర్తులు పిల్లల సొత్తు కావు, పెద్దల హక్కు. అలా పెద్దవాళ్లే బడికి వచ్చారు. కాపా ట్జాంపిట్జిన్‌పా, మరికొందరు కలిసి బడి గోడ మీద తేనెచీమల కథ వేశారు. మొదట చీమలు తెల్లవాళ్ల పుస్తకాల్లోలాగే వచ్చాయట. ఇవి మీ చీమలేనా అని బార్డన్ అడిగితే, కాపా వాటిని తుడిచి, తమ గుర్తులతో మళ్లీ వేశాడు. ఆ ఒక్క ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పిల్లల చేతిని దిద్దడానికి నాకు జీతమిచ్చారు, నిజమే. అలా అడగడం మాత్రం ఏ శిక్షణలోనూ ఎవరూ నేర్పలేదు.

ఆ గోడకు మూడేళ్లలోనే, 1974లో, సున్నం కొట్టినట్టు పెయింటు పూసేశారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అయితే 1972లోనే ఆ చిత్రకారులు 'పపున్యా తులా' అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. బయటివాళ్లు చూడకూడని గుర్తులు కొన్ని బొమ్మల్లోకి వచ్చేశాయని పక్క తెగలు అభ్యంతరం చెప్పాక, వాటిని తీసేశారు, లేదా చుక్కలతో కప్పేశారు. ఇవాళ ప్రపంచమంతా మెచ్చుకునే ఆ చుక్కల్లో కొన్ని అలా తెర వెయ్యడానికి వచ్చినవే.

ఇది చదివి ఉండకపోతే మా సవర పిల్ల కాగితం నాకు అర్థమయ్యేది కాదు. మొదట చుట్టూ చతురస్రపు గట్టు కట్టింది, అది ఇల్లు. అంచుల నుంచి లోపలికి వస్తూ వరసలు నింపింది. రెండు త్రిభుజాలు మొనలు కలిపితే మనిషి. చేతులు పట్టుకుని ఆడేవాళ్లు, గుర్రం మీద ఒకాయన, చెట్టు, దువ్వెన, పైన సూర్యచంద్రులు. వెరియర్ ఎల్విన్ సవరల మీద 1955లో రాసిన పుస్తకంలో ఇలాంటివి చూశాను. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు. చనిపోయిన పెద్దల కోసం, జబ్బు తగ్గడం కోసం, పంట కోసం.

నడుమ అరచెయ్యంత చోటు వదిలేసింది. అక్కడ ఎవరమ్మా అన్నాను.

"ఆయన్ని ఇక్కడ వెయ్యకూడదు మేష్టారూ. గోడ మీద వేసి పిలిస్తే వస్తాడు. ఇక్కడికి వస్తే ఎవరు పెడతారు?"

జిల్లా ప్రదర్శనకు పంపే ముందు ఆ ఖాళీ నింపించమని పైనుంచి నాకు చెప్పారు. బొమ్మ సగంలో ఆగినట్టుందట. నేను నింపించలేదు, ఆ బొమ్మను ప్రదర్శనకు పంపనూ లేదు. పిల్లతో సంగతి చెప్పాను. ఆమె తలూపి కాగితం చుట్టి పెట్టెలో పెట్టుకుంది.

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు నా బల్ల దగ్గరికి వచ్చి వెదురు పుల్ల ఒకటి ఇచ్చింది. కొస నలిపి, పీచు తీసి ఉంది. "మీ బ్రష్షు లావు మేష్టారూ. దీనితోనైతే వేళ్లు కూడా వస్తాయి," అంది. గిన్నెలో తెల్లరంగు కలిపి, ఎలా పట్టుకోవాలో చూపించమన్నాను.